తుపాకి చూపించి రావడానికి కుప్పం పోయాం

మా ఊరి నుంచి కుప్పం పోయినవాళ్ళు తక్కువ. తిరుపతికి పోతారు, కూలికి బెంగుళూరు పోతారు, జబ్బు చేస్తే వేలూరు పోతారు. కుప్పంలో ఎవరికీ పని పడదు. మాకు పడింది. ఆ పని పెట్టింది ఒక తుపాకి.

మాది కలికిరికి అవతల, కొండవారనున్న పల్లె. శనక్కాయలు వేస్తాం. విత్తనం నేలలో పడీ పడగానే అడవిపందికి వాసన తెలిసిపోతుంది. మనం సాలు పట్టుకుని ఒక్కో గింజ వేసుకుంటూ పోతే, అదే సాలు పట్టుకుని అది ఒక్కో గింజా ఏరుకుని తింటుంది. ఒక్క గింజ మరిచిపోదు. మా పక్క చేనువాళ్ళు ఒక ఏడు రెండుసార్లు విత్తి, మూడోసారికి విత్తనం లేక బీడు పెట్టుకున్నారు. అందుకే మా మామ కాలంలోనే పంట కాపలాకని సర్కారు లైసెన్సుతో ఒక నాటు తుపాకి తెచ్చుకున్నారు. గొట్టం మూతిలో మందు పోసి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే రకం. పందిని చంపడానికి కాదు. అంత గురి మా వంశంలో ఎవరికీ లేదు. ఆకాశానికి పెట్టి ఒకసారి పేలిస్తే ఆ చప్పుడుకు మంద కొండెక్కుతుంది.

మామ పోయాక లైసెన్సు మా ఆయన పేరు మీదికి వచ్చింది. పేల్చే పని నా మీదికి వచ్చింది. మా ఆయనకు చప్పుడు గిట్టదు. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుని బానల గదిలో కూర్చునే మనిషి. కాపలాకు ఆయనా వచ్చేవాడు, మంచె మీద నా పక్కనే కూర్చునేవాడు, "అదో, ఆడ కదిలింది" అని చూపించేవాడు. నేను మందు పొట్లం చేతిలోకి తీసుకోగానే దిగి మంచె కిందికి పోయేవాడు. ముప్పై ఏళ్ళు ఇలాగే గడిచింది. ఇందులో వింతేమీ లేదు. పాల సొసైటీలో ఆవు మగవాడి పేరునే ఉంటుంది, పాలు పిండేది ఆడది.

ఆ ఏడు ఎలక్షన్లకు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టమన్నారు, పెట్టాం. అయిపోయాక తీసుకుపొమ్మన్నారు, తెచ్చుకున్నాం. ఎండాకాలం వెళ్ళిపోతుండగా ఇంకో కబురు వచ్చింది. పడమటి మండలాల్లో ఉన్న పంట కాపలా తుపాకులన్నీ ఒక్క చోటికి తెచ్చి చూపించాలట. తుపాకులు బాగుచేసే సర్కారు మేస్త్రి చూసి సరేనంటేనే లైసెన్సు నిలుస్తుంది. చూపించకపోతే తుపాకి ఇక స్టేషన్‌లోనే ఉండిపోతుంది. ఆ చోటు కుప్పం. మదనపల్లెలో చూపించినా ఇదే తుపాకి కదా, అంత దూరం ఎందుకని అడిగితే మేస్త్రి అక్కడికే వస్తాడన్నారు. మేస్త్రి ఒక్కడు కదలలేక ఊళ్ళన్నీ కదలాలి.

విత్తే కాలం దగ్గరపడింది. తుపాకి పోతే మేము విత్తేది పందులకే. బయలుదేరాం.

మదనపల్లె

తుపాకిని చాపలో చుట్టి, రెండు చోట్ల పురికొస కట్టాను. చూసినవాళ్ళు పెళ్ళికి పోతున్నారనుకోవాలి. కలికిరి నుంచి మదనపల్లె దాకా అలాగే అనుకున్నారు. మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఎక్కబోతుంటే కండక్టరు చాప మీద చెయ్యి వేశాడు.

"లోపల ఏముండాదిప్పా?"

మా ఆయనకు చప్పుడు తర్వాత గిట్టనిది అబద్ధం. "తుపాకి సార్" అన్నాడు.

"దించు, దించు!"

"లైసెన్సు ఉండాది సార్."

"లైసెన్సు నీ తుపాకికి ఉండాదిలేప్పా. దాన్ని ఎక్కించుకునేదానికి నా బస్సుకు లేదు."

తర్వాతి బస్సు కండక్టరు అంత మాట కూడా అనలేదు, ఊరికే ఈల వేశాడు. అక్కడే అంగట్లో టీ తాగాం. కలికిరిలో రూపాయిన్నర, ఇక్కడ రెండు రూపాయలు. అర్ధరూపాయి ఎందుకెక్కువని అడిగాను. "గ్లాసు పెద్దదమ్మా" అన్నాడు. గ్లాసు పెద్దదే. టీ సగమే ఉంది.

ఆ టీ అంగడివాడే, టమోటా మార్కెట్టుకు పోతే ఏదో ఒక లారీ దొరుకుతుందని చెప్పాడు. మదనపల్లె టమోటా మార్కెట్టు చూడనివాళ్ళకు ఎలా చెప్పేది? కళ్ళం నిండా రాశులు. ఆ వారం రేటు పడిపోయిందట, రైతులు తెచ్చిన సరుకు గంపలతో అక్కడే కుమ్మరించి, ఖాళీ గంపలు తీసుకుని తలవంచుకుని పోతున్నారు. ఆవులు కూడా తిని తిని, చూసి పక్కకు పోతున్నాయి. నేను కొంగు దోపుకుని మంచివి ఏరడం మొదలుపెట్టాను.

అక్కడ ఊడ్చే మనిషి నవ్వింది. "అమ్మా, అవి పారబోసినవి."

"పారబోసినారని పులుపు పోతుందా?" అన్నాను. ఆమె పరక పక్కన పెట్టి తానూ నాతోపాటు ఏరి మా ఆయన పైతుండులో వేసింది. మూట కట్టాం.

లారీ డ్రైవరు అరవ మనిషి, అవ్వను పాటీ అంటాడు. సగం పెట్టెలు దించి, మిగిలినవాటితో వేలూరు వైపు పోతున్నాడు. "పాటీ, చాప లోపల యేమి?" అని అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపే, "చాపలో చాపే ఉంటాదప్పా" అన్నాను. డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు. నేను కూర్చున్నాను. మా ఆయన వెనుక, టమోటా పెట్టెల మధ్య, తుపాకిని పట్టుకుని కూర్చున్నాడు.

పుంగనూరు

పుంగనూరులో దిగాక గాని తెలియలేదు. దారి పొడుగునా గుంతలే కదా, పెట్టెల్లో మిగిలిన టమోటాలన్నీ మా ఆయన వీపుకు రాసుకుని చితికిపోయాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, మెడ నుంచి కిందిదాకా ఎర్రగా కారుతున్నాయి. కుదుపులకు చాప జారి తుపాకి గొట్టం జానెడు బయటికి వచ్చి ఉంది. అది తెలియక ఆయన దాన్ని చంకలో పెట్టుకుని, కాళ్ళు తిమ్మిరెక్కి తూలుతూ దిగాడు.

ఆటోవాడొకడు కేక పెట్టాడు. "రే! తాతకు గుండు తగిలిండాదిరా!"

జనం మూగారు. ఒకాయన మా ఆయనను పట్టుకుని కూర్చోబెట్టి, "ఎవరప్పా కాల్చింది? నీళ్ళు తాగద్దు, నీళ్ళు తాగద్దు" అంటాడు. ఇంకొకాయన సోడా తెచ్చాడు. ఆసుపత్రికి ఊరికే తీసుకుపోతానని ఆటోవాడు. నేను మా ఆయన వీపు మీద వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నాను. జనం రెండడుగులు వెనక్కి పోయారు.

"టమోటా" అన్నాను. "బాగా పండింది."

నమ్మడానికి కొంచెం సేపు పట్టింది. మంచివాళ్ళు పుంగనూరు జనం. సోడాకు డబ్బులు తీసుకోలేదు. ఆసుపత్రికైతే ఊరికే తీసుకుపోతానన్న ఆటోవాడు మాత్రం, మా చిన్నమ్మ కూతురు చెంగమ్మ ఇంటికంటే పది రూపాయలన్నాడు. నడిచే పోయాం.

చెంగమ్మ సంగటి చేసింది. మేము చెయ్యి తడుపుకుని ముద్ద చేస్తాం, ఈమె తడి గిన్నెలో వేసి గిరగిరా తిప్పుతుంది. ముద్ద నున్నగా బంతిలా వస్తుంది, చెయ్యి కాలదు. నేను తెచ్చిన టమోటాల్లో కొన్ని కాల్చి, వేయించిన శనక్కాయలు వేసి ఊరుబిండి పచ్చడి నూరింది. మేము చింతపండు వేస్తాం. టమోటా ఉంటే చింతపండు మిగులుతుందని ఆ పూట తెలిసింది. పెరట్లో పుంగనూరు ఆవు కట్టేసి ఉంది. నా నడుము దాకా కూడా లేదు. మేత గుప్పెడు, పాలు ఇంటికి సరిపోయేన్ని. ఇన్నేళ్ళూ మా పెద్ద ఆవుకు వేసిన గడ్డి అంతా తలుచుకుని కడుపు మండింది. చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డాను. మా ఆయన అది చూసి, "చాప ఖాళీ చేయమంటావా? చుట్టుకుని పోదాం" అన్నాడు.

చెంగమ్మ మా ఆయనను వదిలిపెట్టలేదు. "ఏం బావా, రేపు ఆడ అందరి తుపాకులూ పేలిస్తే యాడ దాంకుంటావు? ఆడ మంచె లేదే!"

"ఊరికే సూపించేదే గదమ్మా, పేల్చేది లేదు" అన్నాడు మా ఆయన.

అయినా నేను ఆయనకు పాఠం చెప్పాను. "ఎవరు పేలుస్తారని అడిగితే ఏమని చెప్తావు?"

"నేనే."

"నా మొగం సూడకుండా చెప్పు."

ఆయన ఆవు మొహం చూసి చెప్పాడు. ఫరవాలేదు అనిపించింది.

కుప్పం

పొద్దున్నే కుప్పం బస్సుకు భయపడుతూ పోయాం. ఎక్కి చూస్తే మాలాంటివాళ్ళే సగం బస్సు. ఒకరి తుపాకి దుప్పట్లో ఉంది, ఒకరిది గోనెసంచిలో, ఒకాయన తుపాకి పాత పట్టుచీర కట్టుకుని ఆయన పక్కన సీట్లో కొత్త పెళ్ళికూతురిలా ఆనుకుని ఉంది. కండక్టరు అందరినీ ఒకసారి చూసి, "ఈ బస్సును యాడికన్నా యుద్ధానికి తోలమంటారా అప్పా?" అని టికెట్లు కొట్టాడు.

కుప్పం మూడు భాషల ఊరు. కాఫీ అరవంలో అడుగుతారు, బేరం కన్నడంలో ఆడతారు, తిట్లు మన తెలుగులోనే. పూలు అక్కడా మూరలెక్కనే, కట్టే మనిషి తన మూరతో కొలుస్తుంది. మనిషి పొట్టిదైతే మనకు నష్టం. నేను పొడుగాటి చేతులున్న ఆమెను వెతికి పట్టుకుని కొన్నాను.

తుపాకులు చూపించేది ఊరిబయట మైదానంలో. చుట్టూ వెదురుగడలు పాతి తాడు కట్టారు. తాడుకు ఒక సందు వదిలి, ఆ సందులో బల్ల వేసుకుని ఒక పొడుగాటి కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. మా పెద్ద మనవడి వయసుంటుంది. బయట తుపాకులవాళ్ళు బారులు. మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. మేస్త్రి నాలుగింటి బస్సుకు వెళ్ళిపోతాడని అప్పటికే అందరూ అనుకుంటున్నారు.

కానిస్టేబులు మొదట మా ఆయన చేతికర్ర పట్టుకున్నాడు.

"కర్ర లోపలికి పోగూడదు తాతా."

"యాల?" అన్నాడు మా ఆయన.

"ఆయుధం."

నేను ముందుకు పోయాను. "తుపాకి?"

"తుపాకి పోవచ్చు. అది సూపించేదానికే గదా వచ్చినారు."

"తుపాకి పోవచ్చు, ముసలాయన కర్ర పోగూడదా? ఇదేమి న్యాయమప్పా?"

"అవ్వా, తుపాకికి లైసెన్సు ఉండాది. కర్రకు ఉండాదా?"

కర్ర తీసుకుని బల్ల కింద పెట్టాడు. కర్ర లేక మా ఆయన తుపాకినే నేలకు ఆనించి నిలబడ్డాడు. "తాతా! గొట్టం మూతి మీద చెయ్యి పెట్టగూడదు!" అని కేక. చెయ్యి తీస్తే మా ఆయన పడిపోతాడు. నేను భుజం ఇచ్చాను.

తర్వాత నా వక్కాకు సంచి. అందులో అడకత్తెర ఉంది.

"ఇది కత్తిరించేది" అన్నాడు.

"వక్కలను అప్పా. నిన్ను కాదు."

వెనుక బారులో నవ్వారు. అతనికి కోపం వచ్చి అడకత్తెరను కర్ర పక్కన పెట్టాడు. ఆ తర్వాత పైతుండు మూట విప్పాడు. నిన్నటి టమోటాలు ఇంకా కొన్ని ఉన్నాయి.

"ఇవీ పోగూడదు."

"టమోటాలు కూడా ఆయుధమేనా?"

"పెద్ద సారు మీద ఇసిరితే?"

"ఇసిరేదానికి ఎవరన్నా తిండి మోసుకొస్తారా నాయనా? మీ ఇంట్లో ఇసురుతారా?"

టమోటాలూ బల్ల కిందికే పోయాయి. చివరికి తుపాకి వంతు. "ఖాళీదేనా?"

"ఖాళీనే సార్" అన్నాడు మా ఆయన. ఆయన అబద్ధం చెప్పడు కాబట్టి నేనూ తలూపాను.

కానిస్టేబులు గొట్టం మూతికి కుక్కిన గుడ్డ పీకేసి, ఇనుప కడ్డీ లోపలికి దూర్చాడు. తెలియనివాళ్ళకు చెప్తున్నాను, తుపాకి ఖాళీదైతే కడ్డీ గొట్టం అడుగు దాకా పోయి టంగుమంటుంది. మందు దట్టించి ఉంటే మధ్యలో ఆగిపోతుంది. మాది సగం పోయి మెత్తగా ఆగింది.

అతను కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కున్నాడు. "మందు నింపి ఉండాది! అందరూ జరగండి!"

అన్నేళ్ళుగా పందుల మందలకు ఎదురు నిలిచిన మగవాళ్ళంతా ఒక్క ఊపున పరుగు తీశారు. మా ఆయనకు కర్ర అవసరం కూడా పడలేదు. కాఫీ బండి వెనుక నుంచి తల బయటపెట్టి నన్ను చూస్తున్నాడు. ఆ చూపు చూశాక నాకు గుర్తొచ్చింది.

ఎలక్షన్ల తర్వాత తుపాకి వచ్చి ఇంట్లో మూల నిలబడింది కదా. అప్పుడు నా దగ్గర విత్తనానికని దాచిన అనపగింజలు ఉన్నాయి. బానల్లో పెడితే పురుగు, ఉట్టి మీద పెడితే ఎలుక. ఎలుక దూరని చోటు ఇల్లంతా వెతికితే అదొక్కటే కనిపించింది. రెండు పిడికిళ్ళ గింజలను బూడిదలో కలిపి గొట్టంలో పోసి, గుడ్డ కుక్కాను. రెండు పంటల మధ్య ఖాళీగా ఉండే తుపాకికి ఒక పని. తర్వాత మరిచిపోయాను.

"మందు కాదప్పా" అన్నాను. "అనపగింజలు."

కానిస్టేబులు బల్ల వెనుక కూర్చుండిపోయి ఉన్నాడు. "ఏం గింజలు?"

"అనపగింజలు. విత్తనాలు. బూడిదలో పెట్టిండాను."

"తుపాకిలోనా? అవ్వా, నాకు చెవుల్లో పూలు పెడతాండావా?"

"అయితే తీసి సూడు."

"నేను తీయగూడదు. మేస్త్రి సారే తీయాల."

"పిలువు ఆయన్ని."

"ఆయన తాడు దాటి బయటికి రాగూడదు."

"అయితే లోపలికి ఎత్తుకుపోతాం."

"మందు నింపిన తుపాకి లోపలికి పోగూడదు."

"సరే, ఇంటికి పోతాం."

"మందు నింపిన తుపాకి రోడ్డు మీద పోగూడదు."

"ఈడనే పెడదామా?"

"జనం ఉండే తావున పెట్టగూడదు!"

"లోపలికి పోగూడదు, ఎనక్కి పోగూడదు, ఈడ ఉండగూడదు. మరి యాడ ఉండాల నాయనా, ఆకాశంలో యాలాడాల్నా?"

రూలు అక్కడితో అయిపోయింది. ఇద్దరు వచ్చి తుపాకి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. ఎర్రజెండా కట్టాలన్నారు, ఎర్రగుడ్డ దొరకలేదు. టమోటా మరకలతో ఎర్రబడ్డ మా ఆయన పైతుండు తీసుకుని కర్రకు కట్టి పాతారు. అందరూ దూరంగా నిలబడి ఆ పైతుండును చూస్తున్నారు. పెద్ద సారుకు కబురు పోయింది. పెద్ద సారు భోజనానికి పోయాడు. వచ్చాక రాసి పంపాలట, దానికి జవాబు రావాలట. ఎండ నడినెత్తికి వచ్చింది. మేస్త్రి బస్సు ఎవరికోసమూ ఆగదు. మాకు తుపాకి లేకపోతే ఈ ఏడు చేనులో పంట లేదు. నేను ఎంతసేపని చూసేది?

కొంగు నడుముకు దోపుకుని బస్తాలు దాటాను.

"అవ్వా! వద్దవ్వా!" అని కానిస్టేబులు అరిచాడు. తర్వాత ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే మైదానం పొడుగునా మనుషులు బోర్లా పడుకుని ఉన్నారు. నేను తుపాకి ఎత్తి, మూతి కిందికి వంచి, కొంగు పట్టి, రెండు తట్లు తట్టాను. ముందు బూడిద గుప్పుమంది. ఆ వెనుక గింజలు బిలబిలమని కొంగులో పడ్డాయి. ఒక్క పురుగు లేదు. నాలుగైదు గింజలు దొర్లి కానిస్టేబులు దాకా పోయాయి.

"కాలు తియ్యప్పా" అన్నాను. "విత్తనం."

తాడు లోపల

పెద్ద సారు వచ్చాడు. కోపంగానే వచ్చాడు. కొంగులోని గింజ ఒకటి తీసుకుని పగిలేటట్టు చూశాడు.

"తాడు దాటినందుకు నీ మీద కేసు పెట్టచ్చు, తెలుసునా?"

"తెల్దు సార్. బస్తాలు దాటితిని. తాడు అవతల ఉండాది."

ఆయన తాడు వైపు చూశాడు. నిజమే. "సరే. ఇది గింజలు దాచుకునే డబ్బా అయినప్పుడు మీకు లైసెన్సు యాలమ్మా? పందులకు వాడతాండారంటే ఎవరు నమ్మేది? రద్దు చేస్తాండా."

మా ఆయన మొహం వాడిపోయింది. నాకు నోరు ఆగలేదు.

"సార్, పంది వచ్చేది విత్తనం నేలలో పడినంక. అందాకా తుపాకికి పని లేదు. పని లేని మనిషినే మా ఇంట్లో ఉత్తినే కూర్చోబెట్టం. తుపాకిని కూర్చోబెడతామా?"

మేస్త్రి తాడుకు లోపలి వైపు నిలబడి వింటున్నాడు. నెరిసిన మనిషి. నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. పెద్ద సారు కొంచెం మెత్తబడ్డాడు. "అయితే ఇది పనిచేస్తుందని సూపించండి. లోపలికి రాండి. మేస్త్రి మందు ఇస్తాడు. నింపి ఒక్కసారి పేల్చాల. పేలితే లైసెన్సు ఉంటుంది, లేదంటే తుపాకి ఈడనే."

నేను తుపాకి ఎత్తుకున్నాను.

"నువ్వు కాదు. లైసెన్సు ఎవరిదో వాళ్ళు."

మా ఆయన నన్ను చూశాడు. "సార్" అన్నాడు, "మా ఆడమనిషి పక్కన నిలబడచ్చునా?"

"పేల్చేవాడి పక్కన ఎవరూ ఉండగూడదు."

"చెవుల్లో దూది?"

"మా మాట వినపడాల గదా? దూది లేదు."

"మాటలన్నా చెప్పచ్చా?" అని నేను అడిగాను.

"పేల్చేవాడితో ఎవరూ మాట్లాడగూడదు."

ఆయనను మైదానం మధ్యకు పంపారు. నన్ను తాడు పక్కన, ఆ పొడుగాటి కానిస్టేబులు దగ్గర నిలబెట్టారు. మేస్త్రి మా ఆయన చేతిలో మందు పొట్లం, పీచు ఉండ, మందుకు నిప్పు అంటించే కేపు పెట్టి వెనక్కి వచ్చేశాడు. మా ఆయన ముప్పై ఏళ్ళు మంచె కింద ఉన్నాడు గాని, మంచె మీద ఏం జరుగుతుందో చూసినవాడు కాదు. పీచు ఉండ తీసుకుని ముందు దాన్నే గొట్టంలో పెట్టబోయాడు.

నేను కానిస్టేబులు వైపు తిరిగి, కొండకు వినపడేటట్టు, "అప్పా, మీ ఇంట్లో సంగటి ఎట్ల చేస్తారు?" అన్నాను.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏందవ్వా?"

"మా ఇంట్లో ముందు పిండి పడాల! మొదట పిండి! మూత తర్వాత!"

మా ఆయన చెయ్యి ఆగింది. పీచు తీసి మందు పోశాడు.

"అవ్వా, మాట్లాడగూడదన్నారు గదా!"

"నేను నీతో సంగటి గురించి మాట్లాడతాండా. అదీ రూలుకు తప్పేనా? ఇప్పుడు మూత పెట్టినామా, కట్టె తీసుకుని బాగా కుదించాల. బలంగా! ఆకలిగా ఉన్నోని మాదిరి కాదు, తిన్నోని మాదిరి!"

మా ఆయన కడ్డీతో దట్టించాడు. కేపు పెట్టాడు. తుపాకి ఎత్తాడు. కడ్డీ ఇంకా గొట్టంలోనే ఉంది. అలాగే పేలిస్తే కడ్డీ బాణంలా పోతుంది, ఎవరి పొట్టలో దిగుతుందో తెలియదు.

"కట్టె! కట్టె బయటికి తీసినాకే పొయ్యి రాజేయాల! లేకుంటే కట్టె ఎగిరి పోతాది!"

"అవ్వా, సంగటి కట్టె యాడన్నా ఎగురుతుందా?" అన్నాడు కానిస్టేబులు.

"మా ఊర్లో ఎగురుతాది!"

మా ఆయన కడ్డీ లాగి కింద పడేశాడు. నా పక్కన మేస్త్రి రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. పెద్ద సారు ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆయనకు తెలియలేదని నేను అనుకోను.

మా ఆయన తుపాకి ఆకాశానికి ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఇక వంటేమీ మిగల్లేదు.

ఢాం!

కాకులన్నీ లేచాయి. పొగ కమ్మింది. పొగలో మా ఆయన కనిపించలేదు. పడిపోయాడనుకుని పరుగెత్తబోతే కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. పొగ విడిపోయేసరికి ఆయన నిలబడే ఉన్నాడు. కళ్ళు తెరిచి, తుపాకి వైపూ ఆకాశం వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఇంతేనా?" అన్నాడు.

తర్వాత పెద్ద సారు వైపు నడిచి వచ్చాడు, కర్ర లేకుండానే. "సార్, ఇంగోతూరి."

"ఒక్కసారే పెద్దాయనా. రూలు."

"అదేం రూలు సార్? నాకు ఇప్పుడే గదా తెలిసింది!" మా ఆయన ఎదురు మాట్లాడడం నేను పెళ్ళయినప్పటి నుంచీ వినలేదు. "మేస్త్రికి మందు ఉండాది, నాకు తుపాకి ఉండాది, ఆకాశం ఉండాది. మీకేం నష్టం?"

లైసెన్సు మీద ముద్ర పడింది. కర్ర, అడకత్తెర, టమోటాలు తిరిగి ఇచ్చారు. కానిస్టేబులు రెండు అనపగింజలు అడిగి తీసుకున్నాడు, వాళ్ళ అమ్మ పెరట్లో వేస్తుందట. నాలుగు ఇచ్చాను. రెండు మొలవకపోయినా రెండు మొలుస్తాయి.

తిరుగు దారి

కుప్పంలో సాయంత్రం మామిడిపళ్ళ బండి దగ్గర బేరం చేశాను. బెంగళూరా కాయలు, మన వైపు కన్నా చవక. ముక్కులు ఒత్తి చూస్తుంటే పక్కన మా ఆయన పళ్ళమ్మే ఆయనతో మాట్లాడుతున్నాడు.

"పంది ఎదురుగా వస్తాది సూడు, అప్పుడు బెదరగూడదు. ముందు మందు, తర్వాత పీచు, బాగా దట్టించాల. కడ్డీ మాత్రం మరిచిపోగూడదప్పా, శానా మంది ఆడనే తప్పు చేస్తారు."

"ఎన్నేండ్లుగా పేలుస్తాండారు స్వామీ?"

"మా నాయన కాలం నుంచి" అన్నాడు. నా మొహం చూడలేదు. ఆవు మొహం కూడా అక్కర్లేకుండా చెప్పాడు.

పుంగనూరులో చెంగమ్మకు చెప్పాడు. మదనపల్లె బస్సులో, మొన్న తుపాకి ఎక్కించుకోనన్న కండక్టరుకే చెప్పాడు. అతను కథ చివరిదాకా విని, చాప వైపు చూడనట్టు నటించి టికెట్లు ఇచ్చాడు. కలికిరి బస్సులో కిటికీ పక్క సీటు నాకు ఇవ్వలేదు, తుపాకికి గాలి తగలాలట.

ఇంటికి చేరిన వారంలో వాన పడింది, విత్తాం. అనపగింజలు సాళ్ళ మధ్య వేశాను, అన్నీ మొలిచాయి. కాపలాకు పోయే రోజు నేను తుపాకి తీసుకోబోతే మా ఆయన దాన్ని ముందే భుజాన వేసుకుని వాకిట్లో ఉన్నాడు.

"ఇట్లా ఇయ్యి" అన్నాను.

"లైసెన్సు ఎవరిది?" అన్నాడు.

"సలికి రగ్గన్నా కప్పుకో" అన్నాను. అప్పటికే మలుపు తిరిగిపోయాడు.

ఏం చేయాలో తోచలేదు. పంట కాలంలో ఆ వేళకు ఇంట్లో కూర్చోవడం నాకు అలవాటు లేదు. చేట తీసుకుని ఉన్న బియ్యమే మళ్ళీ చెరిగాను. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. ఇంట్లో దీపం కూడా పెట్టలేదు. అప్పుడు చేను వైపు నుంచి వినపడింది.

ఢాం!

మందు ఏమన్నా చెట్లకు కాస్తుందా? పందులు చీకటి పడితే గాని కొండ దిగవు. మంచి వెలుతురులో ఉత్తినే పేల్చాడని నాకు తెలుసు. రాగానే కడిగిపెట్టాలని వాకిట్లోకి వచ్చాను. పక్కింటి నాగమ్మ గోడ మీంచి తల పెట్టి చూస్తోంది.

"ఏంది అక్కా, ఇంత పొద్దుండంగానే పందులా?"

ఆ వైపు నుంచి ఇంకోటి పేలింది.

"ఊ" అన్నాను. "పెద్ద మందే."